ట్రాక్టరు రోటరీ కోత యంత్రం

ట్రాక్టరు రోటరీ కోత యంత్రం అనగా ట్రాక్టరు ఇంజను శక్తితో, నేలకు సమాంతరంగా తిరిగే బరువైన బ్లేడ్లతో గడ్డిని, పొదలను, పంట మోళ్ళను నరికే వ్యవసాయ పరికరము. ట్రాక్టరు వెనుక భాగాన ఉండే పీటీఓ అనే షాఫ్టు నుండి దీనికి శక్తి అందుతుంది. ఆగి ఉన్న బ్లేడ్లను, తిరుగుతున్న ఇంజనుతో కలిపే కొద్ది క్షణాలు ఈ యంత్రం వాడకంలో అతి కీలకమైనవి. ఆ పని నెమ్మదిగా జరగనిచో క్లచ్ కాలిపోవడం, గేరు పళ్ళు విరగడం, షాఫ్టు మెలితిరగడం వంటి నష్టాలు కలుగుతాయి.

ఉపయోగాలు

మామిడి, బత్తాయి, ఆయిల్‌పామ్ తోటలలో చెట్ల వరుసల మధ్య పెరిగే గడ్డిని కోయడానికి ఈ యంత్రం ఉపయోగపడుతుంది. పత్తి ఏరిన తరువాత చేలో మిగిలే పత్తి కట్టెను, మొక్కజొన్న చొప్పను ముక్కలు చేయడానికి ఇదే కోవకు చెందిన ష్రెడ్డర్లను వాడతారు. మోళ్ళను కాల్చివేయక, ముక్కలు చేసి దున్నినచో నేలలో సేంద్రియ పదార్థము పెరుగుతుంది. మెట్ట భూములకు ఇది మరింత ముఖ్యము. హైదరాబాదు పాతబస్తీకి చేరువలోని సంతోష్‌నగర్‌లో 1985లో ఏర్పడిన కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రీడా) మెట్ట సాగుకు అనువైన యంత్ర పరికరాలపై కూడా పరిశోధనలు చేస్తున్నది.

చరిత్ర

అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ 1918లో తన 8-16 ట్రాక్టరుకు పీటీఓను అమర్చి అమ్మకానికి తెచ్చింది. అంతవరకు పొలంలో లాగే యంత్రాలలో అనేకం తమ సొంత చక్రాల కదలిక నుండే శక్తిని పొందేవి. బురదలో చక్రం జారితే పని ఆగిపోయేది. తరువాతి కాలంలో నిమిషానికి 540 భ్రమణాల వేగం ప్రమాణముగా స్థిరపడింది. భారతదేశంలోని ట్రాక్టర్లలో అధిక శాతం ఈ వేగానికి తగినట్లుగా 6 గాడుల షాఫ్టుతో తయారవుతున్నాయి.

పీటీఓ రకాలు

* గేరుబాక్సుపై ఆధారపడినది: క్లచ్ నొక్కగానే చక్రాలతో పాటు పీటీఓకు కూడా శక్తి ఆగుతుంది.
* డ్యూయల్ క్లచ్ గలది: పెడలును సగం నొక్కితే చక్రాలకు మాత్రమే, పూర్తిగా నొక్కితే పీటీఓకు కూడా శక్తి ఆగుతుంది.
* స్వతంత్రమైనది: పీటీఓకు వేరుగా క్లచ్, లివరు ఉంటాయి.

నెమ్మదిగా కలపడంలోని సూత్రము

తిరిగే వస్తువులో నిలువ ఉండే శక్తి దాని వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పీటీఓను కలిపినప్పుడు బ్లేడ్లకు చేరే శక్తికి దాదాపు సమానమైన శక్తి క్లచ్ పలకల రాపిడిలో వేడిగా మారుతుంది. పీటీఓ వేగం 540కి బదులు 240 వద్ద ఉండగా కలిపితే ఈ వేడి సుమారు అయిదో వంతుకు తగ్గుతుంది. తక్కువ వేగంలో కలిపి, తరువాత యాక్సిలరేటరు పెంచితే మిగిలిన శక్తిని క్లచ్‌లో రాపిడి లేకుండా ఇంజనే అందిస్తుంది.

కలిపే విధానము

# ట్రాక్టరును చదునైన చోట నిలిపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేయాలి. చుట్టుపక్కల మనుషులు, పశువులు లేకుండా చూడాలి.
# యంత్రాన్ని పని చేసే ఎత్తుకు దించాలి. పైకెత్తి ఉంచితే షాఫ్టు కీళ్ళు ఎక్కువ కోణంలో వంగి అదురుతాయి. బ్లేడ్లు దట్టమైన గడ్డిలోను, రాళ్ళపైన ఉండరాదు.
# ఇంజను వేగాన్ని తగ్గించాలి.
# క్లచ్‌ను పూర్తిగా నొక్కి, లోపలి గేర్లు ఆగేవరకు కొద్ది సెకన్లు వేచి ఉండి, పీటీఓ లివరు వేయాలి. గరగరమనే శబ్దం వస్తే బలవంతం చేయరాదు.
# పెడలును ఒక్కసారిగా వదలక, క్రమంగా వదలాలి. క్లచ్‌ను సగంలో ఎక్కువసేపు ఆపినా పలకలు వేడెక్కుతాయి.
# బ్లేడ్లు నిలకడగా తిరిగిన తరువాత వేగాన్ని క్రమంగా 540కి పెంచి, ఆపైన గడ్డిలోకి ప్రవేశించాలి.

స్వతంత్ర పీటీఓ గల ట్రాక్టర్లలో కూడా లివరును తక్కువ ఇంజను వేగంలోనే వేయాలి.

రక్షణ భాగాలు

బ్లేడ్లు రాయికి తగిలినప్పుడు మిగతా భాగాలు దెబ్బతినకుండా కొన్ని యంత్రాలకు షియర్ బోల్టు, మరికొన్నింటికి స్లిప్ క్లచ్ ఉంటాయి. తెగిన షియర్ బోల్టు స్థానంలో అంతకంటే గట్టి బోల్టును బిగించినచో ఆ దెబ్బ గేరుబాక్సుకు చేరుతుంది. వానాకాలమంతా వాడక ఉంచిన స్లిప్ క్లచ్ తుప్పు పట్టి అతుక్కుపోవచ్చును. కనుక వాడకానికి ముందు దాని స్ప్రింగులను సడలించి, పలకలు జారుతున్నవని నిర్ధారించుకొని తిరిగి బిగించాలి.

ఆపే విధానము

వేగం తగ్గించి, పీటీఓను విడదీసిన తరువాత కూడా బ్లేడ్లు తమ బరువు వలన కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి. గేరుబాక్సుపై ఆధారపడిన పీటీఓలో ఈ బ్లేడ్ల వేగం వెనుక నుండి గేర్లను తిప్పి, క్లచ్ నొక్కినా ట్రాక్టరును ముందుకు నెట్టగలదు. గట్టు లేదా బావి దగ్గర ఇది ప్రాణాంతకము. దీనిని నివారించుటకు షాఫ్టుకు ఒకే దిశలో శక్తిని పంపే ఓవర్ రన్నింగ్ క్లచ్‌ను అమర్చుతారు.

ప్రమాదాలు

540 వేగం అనగా సెకనుకు 9 చుట్లు. 7 సెంటీమీటర్ల వ్యాసం గల షాఫ్టు చీర కొంగును గాని, తువ్వాలును గాని సెకనుకు సుమారు 2 మీటర్ల వేగంతో చుట్టుకొనగలదు. విడిపించుకొనే వ్యవధి ఉండదు. అందుచేత షాఫ్టుపై ప్లాస్టిక్ తొడుగును తీసివేయరాదు. తిరుగుతున్న షాఫ్టును దాటరాదు. నిమిషానికి 1000 సార్లు తిరిగే 75 సెంటీమీటర్ల బ్లేడు కొన గంటకు సుమారు 280 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. దానికి తగిలిన రాయి దూరాన ఉన్నవారిని కూడా గాయపరచగలదు. బ్లేడ్లలో చిక్కిన తీగను తీయుటకు ముందు ఇంజను ఆపి, తాళంచెవి తీసి, బ్లేడ్లు పూర్తిగా నిలిచేవరకు వేచి ఉండాలి.

ఇవి కూడా చూడండి

* ట్రాక్టరు
* రోటావేటరు
* క్లచ్
* మెట్ట వ్యవసాయం