కళాశాల అధ్యాపకుల ఉద్యోగ భద్రత: గండిపేట, మొయినాబాద్ ప్రాంతం

రంగారెడ్డి జిల్లా గండిపేటలో 1979లో చైతన్య భారతి ఇంజనీరింగ్ కళాశాల (సీబీఐటీ) మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఇంజనీరింగ్ విద్యకు పడిన తొలి అడుగుల్లో అదొకటి. 1997లో ఆ కళాశాలను నడిపే సొసైటీయే ఎంజీఐటీ అనే మరో ఇంజనీరింగ్ కళాశాలను స్థాపించింది. క్రమంగా మొయినాబాద్ దాకా కాలేజీలు వెలిశాయి, సర్కారు కొలువులో లేని అధ్యాపకవర్గం ఒకటి పెరిగింది. వారి ఉద్యోగానికి పూచీ ఎవరిదన్నదే ఈ వివాదం.

అమెరికాలో ప్రొఫెసర్ల, కాలేజీల సంఘాలు చేసిన 1940 నాటి ప్రకటన ప్రకారం, గరిష్ఠంగా ఏడేళ్ల ప్రొబేషన్ తర్వాత టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హక్కు) దక్కిన ప్రొఫెసర్‌ను తగిన కారణం లేకుండా తొలగించరాదు. నిర్భయంగా బోధించి పరిశోధించే స్వేచ్ఛే దాని ఉద్దేశం. బ్రిటన్ 1988లో కొత్త నియామకాలకు ఆ రక్షణ తీసేసింది. మన ప్రభుత్వ కాలేజీల్లో ప్రొబేషన్ దాటితే రెగ్యులర్ లెక్చరర్ పర్మనెంటే. ప్రైవేటులో ఆ హామీ చట్టం ఇవ్వాల్సిందే.

1975 నాటి రాష్ట్ర చట్టం ప్రైవేటు విద్యాసంస్థ ఉపాధ్యాయుణ్ని తొలగించాలంటే అధికారుల ముందస్తు అనుమతి ఉండాలంది. 1982 విద్యా చట్టం విచారణను తప్పనిసరి చేసింది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు, అన్‌ఎయిడెడ్ సంస్థలు శాఖాపరమైన విచారణ జరిపి చర్య తీసుకోవచ్చని, ముందస్తు అనుమతి అక్కర్లేదని తేల్చింది. అన్యాయం జరిగితే జిల్లా జడ్జి స్థాయి ట్రైబ్యునల్‌కు వెళ్లే వీలుండాలనీ చెప్పింది. యాజమాన్యాలకు ఆ స్వేచ్ఛ వెంటనే అందింది. ట్రైబ్యునల్ మెట్లెక్కడం మాత్రం నెల జీతంతో బతికే లెక్చరర్‌కు తేలిక కాదు.

జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో అధ్యాపకులకు ర్యాటిఫికేషన్ (యూనివర్సిటీ ఆమోదం) ఉంది. తనిఖీ బృందం వచ్చిన రోజున అధ్యాపకులు ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాన్ కార్డు పట్టుకుని వరసలో నిలబడతారు. ఆ పరీక్ష అర్హతనే చూస్తుంది, ఉద్యోగానికి హామీ ఇవ్వదు. ఇటీవల అనేక కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచుకున్నాయి. బాగా పాఠం చెప్పినా, బ్రాంచి మూతపడితే ఆ లెక్చరర్ కొలువు ప్రశ్నార్థకమే. ఈ వివాదంలో అతి తక్కువగా చర్చకు వచ్చేది ఇదే.

ప్రభుత్వ కాలేజీల్లోనూ కాంట్రాక్టు పద్ధతి పాతుకుపోయింది. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు దొడ్డిదారి క్రమబద్ధీకరణకు అడ్డుకట్ట వేసింది. తెలంగాణ ప్రభుత్వం నియామకాల చట్టాన్ని సవరించుకుని, 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను రెగ్యులర్ చేసింది. వారిలో సగానికి పైగా అధ్యాపకులే. 2024 నవంబరులో హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది, అప్పటికే రెగ్యులర్ అయినవారి జోలికి మాత్రం పోలేదు.

2020 జాతీయ విద్యా విధానం టెన్యూర్ ట్రాక్ పద్ధతిని ప్రతిపాదించింది. అయినా 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లు, కొత్త నియామకాలకు ముందే తమను క్రమబద్ధీకరించాలంటూ ఆందోళనకు దిగారు.