హైదరాబాద్ చిత్రకారులకు వృత్తిపరమైన తోడ్పాటు

హైదరాబాద్‌లో చిత్రకారులకు శిక్షణ, ఉపకార వేతనం, ప్రదర్శనకు చోటు, తోటి కళాకారులతో పరిచయాలు ప్రధానంగా కళాశాలలు, అకాడమీలు, గ్యాలరీల ద్వారా అందుతున్నాయి.

శిక్షణ: ఇప్పుడు మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న లలితకళల కళాశాల 1940లో మొదలైంది. 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో భాగమైంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లోనూ చిత్రలేఖనం, శిల్పం, ప్రింట్‌మేకింగ్ నేర్పుతారు.

ఉపకార వేతనం: సరైన సమయంలో అందిన సాయానికి చిత్రకారుడు తోట వైకుంఠం జీవితమే ఉదాహరణ. కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో 1942లో పుట్టిన ఆయన హైదరాబాద్‌లో చదువుకున్నారు. ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ ఫెలోషిప్‌తో బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర మెలకువలు నేర్చారు. నుదుట పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, ఒంటినిండా నగలతో కనిపించే తెలంగాణ పల్లె స్త్రీ ఆయన కుంచెకు గుర్తుగా నిలిచింది.

ప్రదర్శన: జూబ్లీహిల్స్‌ను ఆనుకున్న మాదాపూర్ కావూరి హిల్స్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది. బంజారాహిల్స్‌లో కళాకృతి వంటి ప్రైవేటు గ్యాలరీలున్నాయి. చిత్రాలు కొనేవారు, విమర్శకులు, కొత్త చిత్రకారులు ఒకరికొకరు పరిచయమయ్యేది ఎక్కువగా ప్రదర్శనల ప్రారంభోత్సవాల్లోనే.

సినిమా: కళా దర్శకత్వం చిత్రకారులకు మరో ఉపాధి మార్గం. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ (1988) చిత్రానికి వైకుంఠం ఉత్తమ కళా దర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నారు.