బందరు కాలువ ఒడ్డున ఫోర్ట్రాన్

విద్యాసంస్థల చరిత్ర వ్రాయబూనినవారు శంకుస్థాపన శిలాఫలకముతో ఆరంభించి, దాతల నామావళి పఠించి, భవనముల వరుస చెప్పి, ఉత్తీర్ణులైన విద్యార్థుల సంఖ్యతో ముగించుట పరిపాటి. అదియు వలసినదే. కాని ఆ గోడల నడుమకు ఒక క్రొత్త విద్య ఎట్లు వచ్చినది, దానిని మొదట పట్టుకొన్నవారు ఏ సాధనములతో, ఎన్ని అవస్థలు పడి నేర్చిరి అను సంగతి శిలాఫలకములపై కానరాదు. సిద్ధార్థ అకాడమీకి ఏబది సంవత్సరములు నిండిన సందర్భమున వెలువడు ఈ ప్రత్యేక సంచికలో, భవనముల ముచ్చట ఇతరులకు విడిచి, కృష్ణా డెల్టాలో కంప్యూటరు ప్రోగ్రామింగునకు జరిగిన అక్షరాభ్యాసమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని.

1977కు పూర్వము బెజవాడ కుర్రవానికి ఇంజనీరింగు చదువవలెనన్న కోరిక కలిగినచో, కాకినాడకో వాల్తేరునకో, అనంతపురమునకో తిరుపతికో, ఓరుగల్లునకో హైదరాబాదునకో పెట్టె సర్దుకొని పోవలసినదే. 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఇంజనీర్ల పనితనము పుణ్యమా అని పచ్చగా బ్రతికిన సీమకు, దేశమున నాలుగు దిక్కుల రైళ్లు వచ్చి కలియు పట్టణమునకు, స్వంత ఇంజనీరింగు కళాశాల లేకుండుట విడ్డూరమే గదా! ఆ లోటు తీర్చుటకు పూనుకొన్నది ప్రభుత్వము కాదు, ఊరివారే. 1975లో పట్టణ ప్రముఖులు కూడి స్థాపించిన సిద్ధార్థ అకాడమీ, మొగల్రాజపురమున పర్వతనేని బ్రహ్మయ్య సిద్ధార్థ కళాశాలను తెరచి, రెండేండ్లు తిరుగక మునుపే కానూరులో ఇంజనీరింగు కళాశాలకు పూనుకొని, ఐ.సి.ఎస్. ఉద్యోగము చేసి పిదప పరిశ్రమల స్థాపనకు దిగి ఉయ్యూరు చక్కెర కర్మాగారముతో ఈ జిల్లాకు చిరపరిచితుడైన వెలగపూడి రామకృష్ణ గారి పేరు దానికి పెట్టినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ప్రైవేటు రంగములో వెలసిన మొట్టమొదటి ఇంజనీరింగు కళాశాల ఇదియే. అంతకు ముందటి యేడు, అనగా 1976లో, నాగార్జున విశ్వవిద్యాలయము ఏర్పడి యుండుటచే పట్టాల చిక్కు కూడ తీరినది. 1977 అనగానే ఈ జిల్లావారికి ముందుగా తలపునకు వచ్చునది నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెన. జిల్లా అంత దుఃఖములో నున్న యేడే ఈ కళాశాలకును తొలియేడైనది.

ఆనాటికి దేశములో కంప్యూటరు కేవలము వింత వస్తువు కాదు. 1950ల నడుమ కలకత్తా గణాంక సంస్థకు విదేశీయంత్రము వచ్చినది. బొంబాయి టాటా పరిశోధన సంస్థవారు స్వయముగా నిర్మించిన యంత్రము 1960లో పనికి దిగినది. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 వచ్చిన పిదప, యంత్రమునకు ఆదేశములు వ్రాయుట తరగతిగదిలో చెప్పదగిన విద్యయైనది. అచ్చట పాఠము చెప్పిన వి. రాజారామన్ గారి ప్రోగ్రామింగు పుస్తకములు చవుక ధరకు అచ్చై, యంత్రము కంటబడని ఊళ్లకు కూడ చేరినవి. మన తెలుగునాట ఈ కథకు మూలపురుషుడు గోదావరి డెల్టావాడు: భీమవరము చేరువ మోగల్లున పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. 1967లో హైదరాబాదున వెలసిన ఎలక్ట్రానిక్సు సంస్థ ఇ.సి.ఐ.ఎల్. ఆయన చేతులమీదుగా పెరిగినది. 1969లో ఆ సంస్థ వెలువరించిన టి.డి.సి.-12 దాని దేశీయ కంప్యూటర్ల పరంపరకు తొలిమెట్టు. అయినను ఆ యంత్రములు ప్రయోగశాలలకు, పెద్ద కార్యాలయములకే పరిమితములు. జిల్లాలలోని విద్యార్థికి చేతనున్నవి పెన్సిలు, రబ్బరు, కోడింగ్ షీటు మాత్రమే.

ఆ కోడింగ్ షీటును ఒక్కమారు దగ్గరగా చూడవలెను. అడ్డముగా 80 గడులు. ఫోర్ట్రాన్ భాషలో మొదటి అయిదు గడులు వాక్యసంఖ్యకు. ఆరవ గడి పై పంక్తికి కొనసాగింపని తెలుపుటకు. ఏడు మొదలు డెబ్బదిరెండు వరకు అసలు ఆదేశమునకు. మిగిలిన ఎనిమిదియు కార్డుల వరుస తప్పకుండ సంఖ్య వేసికొనుటకు. గడి కొక్క అక్షరము, అదియు పెద్దబడిలోనే. సున్నకును ‘ఓ’ అక్షరమునకును భేదము తెలియుటకు ఒకదానిపై గీత కొట్టవలెను. షీటులోని ఒక్కొక్క పంక్తి ఒక్కొక్క పంచ్ కార్డగును. కార్డుల కట్ట యంత్రమున్న చోటికి పోవలెను. ఫలితము ముద్రితమైన కాగితము తిరిగి రావలెను. ఒక కామా జారినను ఆ ప్రయాణమంతయు మరల మొదటికి వచ్చును. అందుచేత కట్ట పంపుటకు ముందే విద్యార్థి తానే యంత్రమై, ప్రతి పంక్తిని వ్రేలితో ఒత్తిపట్టి చదివి, ఏ పేరున ఏ విలువ నిలిచినదో ప్రక్కన పట్టిక వేసికొని లెక్క చూచుకొనెడివాడు.

సివిల్ ఇంజనీరింగు విద్యార్థికి ఇచ్చుటకు తగిన అభ్యాసము, ఈ సీమలో మరియు సహజమైనది, మానింగ్ సూత్రము. ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మానింగ్ పంతొమ్మిదవ శతాబ్ది చివర చెప్పిన ఆ సూత్రము ప్రకారము, కాలువలో నీటి అడ్డుకోత వైశాల్యమును తడిసిన చుట్టుకొలతచే భాగించి, వచ్చినదానిని మూడింట రెండు వంతుల ఘాతమునకు ఎత్తి, వాలు యొక్క వర్గమూలముచే గుణించి, కాలువ గరుకుదనమును తెలుపు ‘ఎన్’ అను సంఖ్యచే భాగించినచో నీటి వేగము వచ్చును. మట్టి కాలువకు ఆ ఎన్ విలువ సుమారు 0.025. కాగితముపై ఇంత సులువైన ఈ సూత్రములో ఫోర్ట్రాన్ రెండు గుంటలు త్రవ్వి యుంచినది. ఆ భాషలో ఐ మొదలు ఎన్ వరకు గల అక్షరములతో ఆరంభమగు పేర్లన్నియు, వేరుగా చెప్పనిచో, పూర్ణసంఖ్యలే. కావున పుస్తకములో ఉన్నట్లే ఎన్ అని వ్రాసినవానికి 0.025 కాస్తా సున్నయగును, సున్నచే భాగహారము పడును. ఈ తప్పు యంత్రమే పట్టి ఇచ్చును గనుక పేరు మార్చి బయటపడవచ్చును. రెండవది అట్లు కాదు. ఘాతమును 2/3 అని వ్రాసినచో, రెండును పూర్ణసంఖ్యలగుటచే, యంత్రము భాగహారము చేసి దశాంశములు పారవైచి సున్న అని గ్రహించును. వాలు మీది 1/2 గతియు అంతే. ఏ సంఖ్యనైనను సున్న ఘాతమునకు ఎత్తగా ఒకటి. ఇక మిగిలినది ఒకటిని 0.025చే భాగించుట, ఫలితము సెకనుకు 40 మీటర్లు!

యంత్రము ఇందుకు ఆక్షేపణ చెప్పదు. నీటుగా, దశాంశములతో సహా అచ్చువేసి పంపును. సెకనుకు 40 మీటర్లనగా గంటకు 144 కిలోమీటర్లు. కానూరునకు చేరువలో మందముగా సాగిపోవు బందరు కాలువ, బెజవాడ స్టేషనులో ఆగి పోవు కోరమండల్ ఎక్స్‌ప్రెస్సును కూడ వెనుకకు నెట్టి మచిలీపట్నమునకు దూకుచున్నదన్నమాట. ఆ కాగితము చూచి నవ్వగలుగుటకు కాలువను ఎరిగినవాడు కావలెను. చిన్ననాడు గట్టుమీద నడచి, తూములకడ నీరు చూచి, వంతు నీటికొరకు తండ్రితో రాత్రులు కాపు కాచిన రైతుబిడ్డకు, ఆ అంకె తప్పని తెలియుటకు ఏ గురువు చెప్పనక్కరలేదు. తప్పెచ్చటనో వెదకి 2.0/3.0 అని దిద్దుకొనుట మాత్రమే అతడు నేర్వవలసినది. ఈ డెల్టాలో ప్రోగ్రామింగు విద్య నిలదొక్కుకొనుటకు యంత్రములకంటె ఈ ఎరుకయే ఎక్కువ తోడ్పడినదని నా అభిప్రాయము.

అట్లని ఆ యంత్రముల కరవును పొగడుట నాకు ఇష్టము లేదు. యంత్రము కొరకు ఎదురుచూచి ఎదురుచూచి, పరీక్షకు నాలుగు సూత్రములు బట్టీపట్టి, పట్టా పుచ్చుకొని పోయిన బుద్ధిమంతులు ఎందరో కలరు. లేమి కొందరికి సాధన నేర్పినది. హెచ్చుమందికి విద్యనే దూరము చేసినది.

1980ల నడిమికి గాలి మారినది. డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ అను ఇరువురు ఆచార్యులు, విజ్ఞానశాస్త్రము చదువనివారికిని అందవలెనని 1964లో రూపొందించిన బేసిక్ భాష, చిన్న యంత్రములతో కూడ మన ఊళ్లకు వచ్చినది. 1984లో కేంద్రప్రభుత్వము ఎన్నిక చేసిన పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు పంపు పథకము చేపట్టినది. బెజవాడలో మాత్రము అసలు మార్పు వచ్చినది పాఠశాలలలో కాదు, మేడమీది గదులలో. గవర్నరుపేట ప్రాంతమున లోయరు, హయ్యరు పరీక్షలకు టైపు నేర్పు ఇన్‌స్టిట్యూట్ల టకటకల నడుమ ఒక మూల అద్దాల గది, అందులో ఊరంతటికి అపురూపమైన చల్లని గాలి, గుమ్మము వెలుపల వరుసగా విడిచిన చెప్పులు! లోపల యంత్రమొకటి, దానిముందు ముగ్గురు. ఒకరివి వ్రేళ్లు, ఇరువురివి కన్నులు. ముందు డాస్ ఫ్లాపీ పెట్టవలెను, యంత్రము లేచిన పిదప తన ఫ్లాపీ పెట్టుకొనవలెను; 360 కిలోబైట్ల ఆ పలుచని నల్లని చదరము మడతపడకుండ పుస్తకముల నడుమ దాచుకొని సైకిలుమీద ఇల్లు చేరవలెను. కరెంటు పోయినచో దాచుకొనని పంక్తులన్నియు గంగపాలు. బేసిక్, కోబాల్, డీబేస్ అను మూడు పేర్లు బోర్డులపై వెలిగినవి ఈ గదులకే. ఈ ఇన్‌స్టిట్యూట్లను చిన్నచూపు చూచువారితో నేనేకీభవింపను. కళాశాలలో సీటు రాని బి.కాం. విద్యార్థికిని, టైపు నేర్చి వ్రేళ్లు ఆడుచున్న ఆడపిల్లలకును తొలి తలుపు తెరచినవి అవియే.

తరువాతి కథ అందరు ఎరిగినదే గనుక దీర్ఘముగా చెప్పను. వడ్డేశ్వరము, భీమవరములలో 1980లోను, బాపట్లలో 1981లోను ఇంజనీరింగు కళాశాలలు లేచినవి; 1998 వచ్చుసరికి ఒక్క యేడే కానూరు, గుడ్లవల్లేరు, మైలవరములలో మరి మూడు; 2008లో నూజివీడు ట్రిపుల్ ఐటి. ఫోర్ట్రాన్ చోటు సి భాష ఆక్రమించినది. రెండువేల సంవత్సరపు తేదీల బెడద పుణ్యమా అని, మూలబడిన కోబాల్ మరల గిరాకీ సంపాదించి, డెల్టా పిల్లలను సముద్రములు దాటించినది.

యంత్రములు పెరిగినవి గాని ఒక ముచ్చట చెప్పక తప్పదు. పూర్వము యంత్రము లేకపోవుటచే కాగితముపై వ్రాసిరి. పిదప ప్రయోగశాల నిండ యంత్రములుండగను, సీనియరు రికార్డు ఎదుట పెట్టుకొని, ప్రోగ్రాముతోబాటు అది అచ్చువేసిన ఫలితమును కూడ చేవ్రాతతో ఎత్తి వ్రాయు వాడుక నిలిచినది. ఎక్స్‌టర్నలు పరీక్షకుడు వచ్చు దినమునకు అట్టలు వేసి సిద్ధము చేసిన ఆ రికార్డులలో, కాలువ నీరు గంటకు 144 కిలోమీటర్లు పరుగిడినను అడుగువారుండరు. చేతితో ఆచితూచి పంక్తి పంక్తి సరిచూచుకొను పాత అలవాటును నిలుపుకొని, చూచి వ్రాయుటను విడువవలసినది. మనము సరిగా దీనికి విపర్యయముగా చేసితిమి.

కనుక ఈ సంచిక చదువు పూర్వవిద్యార్థులకు, అధ్యాపకులకు ఒక మనవి. మీ ఇంటి అటకపైనో, పాత ట్రంకుపెట్టెలోనో ఆనాటి కోడింగ్ షీట్లు, పంచ్ కార్డులు, ఎఱ్ఱసిరాతో గురువులు దిద్దిన ప్రోగ్రాములు, ఇన్‌స్టిట్యూటు రసీదులు, ఫ్లాపీలు ఉన్నచో వానిని చిత్తుకాగితముల వానికి తూచి ఇచ్చుటకు ముందు కానూరు కళాశాల గ్రంథాలయమునకు తెలియజేయుడు. వానితోబాటు మీకు ఆ విద్య మొదట నేర్పినవారి పేరు, నేర్చిన యేడు ఒక కాగితముపై వ్రాసి జతచేయుడు.