జియోమనరేగా

ఉపాధి హామీ పథకం కింద జరిగిన నిర్మాణాల చోటును ఫొటోలతో సహా నమోదు చేసే సాఫ్ట్‌వేర్ వ్యవస్థ. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2016 జూన్‌లో ఒప్పందం చేసుకోగా రూపొందింది. ఇస్రో వారి ‘భువన్’ పటమే దీనికి ఆధారం.

క్షేత్ర సిబ్బంది పని దగ్గర నిలబడి మొబైల్ యాప్‌లో ఫొటో తీస్తే అక్షాంశ, రేఖాంశాలు దానితోపాటే నమోదవుతాయి. సిగ్నల్ లేకున్నా ఫోన్‌లో భద్రపడి, తరువాత సర్వర్‌కు చేరతాయి. పై అధికారి సరిచూశాకే పటంపైకి వస్తాయి. మొదట్లో పూర్తయిన పనులకే పరిమితమైన ఈ పద్ధతి 2017 నవంబరు నుంచి పనికి ముందు, పని సాగుతుండగా, పూర్తయ్యాక అనే మూడు దశలకు విస్తరించింది.

మొవ్వ వంటి కృష్ణా డెల్టా మండలాల్లో మొదటి ఫొటోకు విలువ ఎక్కువ. పంట బోదెలో పూడిక తీసి నీళ్లు వదిలాక ఎంత లోతు తవ్వారో కంటికి ఆనదు. అయితే ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పవచ్చు. పక్కపక్కనే బోదెలున్నచోట ఆ తేడాకే పటంలో పని మరో బోదె మీద పడుతుంది. అందుకే తూమో, వంతెనో ఫొటోలో కనిపించేలా తీయడం మేలు.