అసాల్ట్ రైఫిల్ అంటే ఏమిటి? నిర్వచనం, పుట్టుక, ఇషాపూర్ కర్మాగారం పాత్ర

కోల్‌కతా: ఉగ్రవాద దాడి జరిగినా, సరిహద్దులో ఎదురుకాల్పులు జరిగినా, సైన్యానికి కొత్త ఆయుధాల కొనుగోలును ప్రకటించినా వార్తల్లో తరచుగా వినిపించే పదం 'అసాల్ట్ రైఫిల్'. వాడుకలో ఏ ఆధునిక తుపాకీనైనా ఈ పేరుతో పిలవడం పరిపాటిగా మారింది. సైనిక పరిభాషలో మాత్రం దీనికి కచ్చితమైన అర్థం ఉంది. ఆ అర్థం ఎలా రూపుదిద్దుకున్నదో తెలుసుకోవడానికి కోల్‌కతాకు ఉత్తరాన హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం చరిత్ర ఎంతగానో తోడ్పడుతుంది. గత శతాబ్దంలో పదాతి సైనికుడి తుపాకీ ఎన్ని రూపాలు మార్చుకున్నదో, వాటిలో ప్రధానమైన దశలన్నీ ఆ కర్మాగారంలో కనిపిస్తాయి.

నిర్వచనంలోని ప్రధానాంశాలు

ఒక తుపాకీని అసాల్ట్ రైఫిల్‌గా పరిగణించాలంటే సాధారణంగా నాలుగు లక్షణాలు ఉండాలి. మొదటిది, సైనికుడు భుజానికి ఆనించి ఒంటరిగా కాల్చగలిగే రైఫిల్ అయి ఉండాలి. రెండవది, ఒక్కొక్క తూటాగా కాల్చడానికీ, వరుసగా లేదా కొన్ని తూటాల విడతగా కాల్చడానికీ వీలు కల్పించే మీట ఉండాలి. మూడవది, విడదీసి మార్చుకోగల మేగజీన్ ఉండాలి. నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది, అది మధ్యస్థ శక్తి గల తూటాను వాడాలి. అంటే ఆ తూటా పిస్తోలు తూటా కంటే శక్తిమంతంగానూ, పాతకాలపు పూర్తిస్థాయి రైఫిల్ తూటా కంటే తేలికగానూ ఉండాలి.

ఈ నాలుగవ లక్షణాన్ని అంకెల్లో చూస్తే తేడా స్పష్టమవుతుంది. 9 మి.మీ. పిస్తోలు తూటా గొట్టం నుంచి వెలువడేటప్పుడు సుమారు 500 జౌళ్ల శక్తిని కలిగి ఉంటుంది. లీ ఎన్‌ఫీల్డ్ వాడిన .303 తూటా, నాటో ప్రమాణమైన 7.62×51 మి.మీ. తూటా 3,200 జౌళ్లకు పైబడిన శక్తితో వెలువడతాయి. ఏకే-47 వాడే 7.62×39 మి.మీ. తూటా శక్తి సుమారు 2,000 జౌళ్లు. 5.56×45 మి.మీ. తూటా శక్తి దాదాపు 1,700 నుంచి 1,800 జౌళ్లు. అసాల్ట్ రైఫిల్ స్థానం ఈ చివరి రెండింటిది. వ్యాసం ఒకటే అయినంత మాత్రాన తూటాలు ఒకటి కావనడానికి రెండు రకాల 7.62 తూటాలే నిదర్శనం.

జర్మనీలో పుట్టుక

మొదటి ప్రపంచ యుద్ధం నాటి రైఫిళ్లు వెయ్యి మీటర్లకు మించిన దూరాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందినవి. వాస్తవంలో పదాతి పోరాటం అత్యధికంగా 300, 400 మీటర్ల లోపే జరుగుతున్నదని యుద్ధానుభవం తేల్చింది. ఆ దూరంలో శక్తిమంతమైన తూటా వల్ల అదనపు ప్రయోజనం లేకపోగా, భుజానికి తగిలే వెనుకదెబ్బ వల్ల వరుస కాల్పుల్లో గురి తప్పుతుంది. మరోవైపు పిస్తోలు తూటాలను వాడే సబ్ మెషిన్‌గన్ వేగంగా కాల్చినా దాని ప్రభావం 200 మీటర్లు దాటితే బాగా తగ్గిపోతుంది. ఈ రెండింటి మధ్య ఖాళీని పూరించేందుకే కొత్త తరగతి ఆయుధం అవసరమైంది.

రష్యాలో వ్లదీమిర్ ఫెదొరోవ్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే, తక్కువ శక్తి గల 6.5 మి.మీ. జపాన్ తూటాతో వరుసగా కాల్చగల రైఫిల్‌ను రూపొందించారు. దీనిని ఈ తరగతికి పూర్వరూపంగా చాలామంది చరిత్రకారులు పరిగణిస్తారు. అయితే మధ్యస్థ తూటా కోసమే రూపొంది, భారీ సంఖ్యలో తయారై, యుద్ధరంగంలో నిలిచిన తొలి ఆయుధం జర్మనీకి చెందినది. 7.92×33 మి.మీ. పొట్టి తూటా కోసం హ్యూగో ష్మైసర్ నేతృత్వంలో రూపొందిన ఆ తుపాకీ తొలుత ఎంపీ 43, ఎంపీ 44 పేర్లతో వెలువడింది. కొత్త రైఫిల్‌కు హిట్లర్ మొదట సుముఖంగా లేకపోవడంతో దానికి సబ్ మెషిన్‌గన్ తరగతి పేరు పెట్టారు. 1944లో 'స్టుర్మ్‌గెవేర్', అంటే దాడి రైఫిల్ అని నామకరణం జరిగింది. 'అసాల్ట్ రైఫిల్' ఆ జర్మన్ మాటకు ఆంగ్ల అనువాదమే.

1949లో సోవియట్ సైన్యం స్వీకరించిన మిఖాయిల్ కలాష్నికోవ్ రూపకల్పన ఏకే-47 ఈ తరగతిని ప్రపంచవ్యాప్తం చేసింది. అమెరికా 1960వ దశకంలో 5.56 మి.మీ. తూటాతో ఎం16ను ప్రవేశపెట్టింది. ఆ తూటా బరువు 7.62×51 తూటా బరువులో దాదాపు సగమే. కనుక సైనికుడు అంతే బరువుతో రెట్టింపు సంఖ్యలో తూటాలను మోయగలడు.

హుగ్లీ తీరంలో ఆయుధ పరిశ్రమ

భారతదేశంలో ఆధునిక ఆయుధ పరిశ్రమ కోల్‌కతా పరిసరాల్లోనే మొదలైంది. 1775లో ఫోర్ట్ విలియంలో ఆయుధ మండలి ఏర్పడింది. ఇషాపూర్‌లో 1787లో నెలకొల్పిన తుపాకీ మందు కర్మాగారంలో 1791 నుంచి ఉత్పత్తి సాగింది. కాశీపూర్ ఫిరంగి బండ్ల కర్మాగారంలో 1802 మార్చి 18న ఉత్పత్తి ప్రారంభమైంది. ఆ రోజునే నేటికీ ఆయుధ కర్మాగారాల దినోత్సవంగా జరుపుకొంటారు.

ఆయుధాల నిర్వచనం అంతర్జాతీయ చట్టానికి ఎంత ముఖ్యమో కూడా ఈ ప్రాంతమే చాటింది. డమ్‌డమ్ ఆయుధాగారంలో 19వ శతాబ్దం చివర రూపొందిన, శరీరంలోకి దూసుకెళ్లాక విచ్చుకునే గుండు 'డమ్‌డమ్' పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. 1899 నాటి హేగ్ ప్రకటన అలాంటి గుండ్లను యుద్ధంలో నిషేధించింది.

మందు కర్మాగారం ఉన్న ఇషాపూర్ స్థలంలోనే 1904లో రైఫిల్ కర్మాగారం వెలిసింది. ప్రతి తూటాకూ బోల్ట్‌ను చేతితో లాగి కాల్చవలసిన .303 లీ ఎన్‌ఫీల్డ్ ఇక్కడ దశాబ్దాలపాటు తయారైంది. 1962 చైనా యుద్ధంలో భారత సైనికులు అత్యధికంగా వాడినది అదే. ప్రత్యర్థుల చేతుల్లో సెమీ ఆటోమేటిక్, ఆటోమేటిక్ ఆయుధాలు ఉండటంతో ఆ లోటు బయటపడింది. ఆ తర్వాత ఇషాపూర్ 7.62×51 తూటాకు అనువుగా లీ ఎన్‌ఫీల్డ్‌ను మార్చి 2ఏ, 2ఏ1 రైఫిళ్లను తయారుచేసింది. బెల్జియం ఎఫ్ఏఎల్ ఆధారంగా 1ఏ సెల్ఫ్ లోడింగ్ రైఫిల్‌నూ ఉత్పత్తి చేసింది. ఎస్ఎల్ఆర్‌గా పేరుపొందిన ఇది ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే కాల్చేది. పూర్తిశక్తి తూటా, వరుస కాల్పులు లేకపోవడం అనే రెండు కారణాల వల్ల అది అసాల్ట్ రైఫిల్ కిందకు రాదు.

నిర్వచనానికి సరిపోయే తొలి స్వదేశీ రైఫిల్ ఇన్సాస్. పుణెలోని ఆయుధ పరిశోధన, అభివృద్ధి సంస్థ దీనిని 5.56 మి.మీ. తూటా కోసం రూపొందించగా ఇషాపూర్, కాన్పూర్, తిరుచిరాపల్లి కర్మాగారాలు తయారుచేశాయి. తిరిగే బోల్ట్‌ను కలాష్నికోవ్ నుంచి, వాయు నియంత్రకాన్ని ఎఫ్ఏఎల్ నుంచి స్వీకరించారు. తూటాలు వృథా కాకుండా పూర్తి వరుస కాల్పులకు బదులు మూడేసి తూటాల విడత పెట్టారు. 1999 కార్గిల్ యుద్ధంలో ఇన్సాస్‌ను విస్తృతంగా వాడారు. తీవ్రమైన చలిలో ప్లాస్టిక్ మేగజీన్లు పగిలిపోతున్నాయన్న ఫిర్యాదులు అప్పుడే వచ్చాయి. ఆ తర్వాత మార్పులు చేసినా విమర్శలు పూర్తిగా ఆగలేదు.

చట్టం దృష్టిలో

భారత చట్టం అసాల్ట్ రైఫిల్ అనే పేరుపై ఆధారపడదు. 1959 ఆయుధాల చట్టం 'నిషిద్ధ ఆయుధాల'ను నిర్వచిస్తూ, ట్రిగ్గర్‌పై ఒత్తిడి ఉన్నంతసేపు లేదా మేగజీన్ ఖాళీ అయ్యేదాకా తూటాలు వెలువడే తుపాకీని అందులో చేర్చింది. కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి లేకుండా అలాంటి ఆయుధం కలిగి ఉంటే, 2019 సవరణ ప్రకారం ఏడేళ్లకు తగ్గని, 14 ఏళ్ల వరకు పొడిగించదగిన జైలుశిక్ష పడుతుంది. అమెరికాలో రాజకీయ చర్చల్లో వాడే 'అసాల్ట్ వెపన్' వేరు. అక్కడి పౌరులు కొనే ఏఆర్-15 తరహా తుపాకులు రూపంలో ఎం16ను పోలినా వరుసగా కాల్చలేవు.

సైనిక ఆయుధాలు అక్రమ మార్గంలో చేరితే ఎంత ముప్పో పశ్చిమ బెంగాల్ స్వయంగా చూసింది. 1995 డిసెంబరు 17 రాత్రి పురూలియా జిల్లాలో ఒక విమానం నుంచి వందలాది ఏకే రైఫిళ్లను జారవిడిచారు. ఈ కేసులో విమాన సిబ్బందికి, ఒక బ్రిటిష్ పౌరుడికి కోల్‌కతా న్యాయస్థానం 2000లో యావజ్జీవ శిక్ష విధించింది. అనంతరం క్షమాభిక్షతో వారు విడుదలయ్యారు.

మళ్లీ మొదటికి వచ్చిన చర్చ

తేలికైన తూటా మేలా, బలమైన తూటా మేలా అన్న ప్రశ్న భారత సైన్యంలో ఇంకా సజీవంగానే ఉంది. సంప్రదాయ యుద్ధంలో ఒక సైనికుడు గాయపడితే అతడిని తరలించడానికి మరికొందరు అవసరమవుతారు కాబట్టి 5.56 చాలునన్నది ఒక వాదన. ఉగ్రవాదిని తక్షణం నిలువరించాలంటే అది చాలదన్నది మరో వాదన. 2019 ఫిబ్రవరిలో అమెరికా సంస్థ సిగ్ సావర్ నుంచి 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఒప్పందం కుదరడానికి రెండవ వాదనే నేపథ్యం. అధికారిక ప్రకటనల్లో వాటిని అసాల్ట్ రైఫిళ్లని పేర్కొన్నా, 7.62×51 తూటా వాడతాయి కాబట్టి నిపుణులు 'బ్యాటిల్ రైఫిల్' అని వ్యవహరిస్తారు. హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్ సంస్థతో కలిసి డీఆర్డీవో 2024 జనవరిలో ఆవిష్కరించిన 'ఉగ్రం' కూడా అదే తూటాను వాడుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో తయారయ్యే ఏకే-203 మాత్రం 7.62×39 తూటాతో అసలు నిర్వచనానికి సరిపోతుంది. 6 లక్షలకు పైగా ఏకే-203ల కోసం 2021 డిసెంబరులో ఒప్పందం కుదిరింది.

అదే ఏడాది అక్టోబరు 1న కోల్‌కతా ప్రధాన కార్యాలయంగా ఉన్న ఆయుధ కర్మాగారాల బోర్డు రద్దయి, దాని స్థానంలో ఏడు ప్రభుత్వ రంగ సంస్థలు ఏర్పడ్డాయి. ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం ఇప్పుడు కాన్పూర్ కేంద్రంగా పనిచేసే అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్‌లో భాగం.