పాపం ఎవరిదని అడక్కండి

ఆ జీడికొమ్మ ఇలా తొయ్యండర్రా, బాగా ఎండింది, అంటుకుంటుంది. తిత్లీ తుపాను సంగతి చెప్పమన్నారు కదా, చెప్తాను. దానికంటే ముందు మా బావ సంగతి చెప్పాలి. అతన్ని వదిలేసి చెబితే అది గాలివాన ముచ్చట అవుతుంది తప్ప మీకు పనికొచ్చే మాట అవదు.

మా బావ కొబ్బరి రైతు. పెరటి నుంచి సముద్రం ఇసక దాకా తోట. కొబ్బరిచెట్ల మధ్య జీడి, గట్ల మీద పనస, మునగ. మన ఈ ఉద్దానం సీమలో రైతుకి తోటే బ్యాంకు, తోటే ఆడపిల్ల పెళ్ళి. చీకటితో లేచి ముందు మోకాళ్ళు వేసేవాడు, ఆ తర్వాతే తోటలోకి అడుగు పెట్టేవాడు. సంఘంలో పెద్దరికం చేసిన మనిషి కాదు. వాక్యం చెప్పడం రాదు. ఆదివారం పొద్దున్నే వచ్చి చాపలు పరిచేవాడు, కూటం అయ్యాక చుట్టి మూల పెట్టేవాడు.

అలాంటి మనిషికి జబ్బు చేసింది. మొదట నీరసం అనుకున్నాం. తర్వాత కాళ్ళ పొంగు, ఆకలి చచ్చిపోవడం. పట్నంలో రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ పెరిగిందన్నారు. ఆ మాట ఇప్పుడు ఇక్కడ సంతకం రాని ముసలమ్మలకి కూడా తెలుసు. 'నీకెంతున్నాది, నాకింతున్నాది' అని కుళాయి దగ్గర చెప్పుకుంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, మన పలాస, ఎక్కడ చూసినా ఇదే కథ. షుగరు ఉండదు, బీపీ ఉండదు, కిడ్నీలు మాత్రం పోతాయి. నీళ్ళన్నారు, నీళ్ళలో సిలికా అన్నారు. ఎండలో పనిచేసి చాలినన్ని నీళ్ళు తాగకపోవడం అన్నారు, ఒళ్ళునొప్పులకి మింగే బిళ్ళలన్నారు. ఏళ్ళ తరబడి డాక్టర్ల బృందాలు వచ్చి రక్తం తీసుకెళ్ళాయి, నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళాయి. ఇదీ కారణం అని అందరూ ఒప్పుకునే మాట ఒక్కటి రాలేదు.

కారణం దొరక్కపోతే జనం పాపాన్ని వెతుకుతారు.

ఒక సాయంత్రం పొరుగూరి నుంచి ప్రార్థన చేసేవాళ్ళు వచ్చారు. మంచివాళ్ళే, ఉపవాసం ఉండి మరీ వచ్చారు. ప్రార్థన అయ్యాక వాళ్ళలో పెద్దాయన అన్నాడు, 'దాచిపెట్టిన పాపం ఏదో ఉంది, ఒప్పుకో, స్వస్థత వస్తుంది' అని. మా చెల్లి ద్వారబంధం పట్టుకుని నిలబడింది, ముఖం పాలిపోయింది. బావ కాసేపు నేల చూస్తూ కూచున్నాడు. తర్వాత అన్నాడు: 'అయ్యా, నాను పాపిని కానని ఎప్పుడన్నాను? ఆయన ముందర పాపినే. గానీ ఈ జబ్బు పలానా పాపానికొచ్చిందని నాకాయన సెప్పలేదు. మీకు సెప్పినాడేటి?' అని, 'టీ తాగీసి ఎల్లండి, పొద్దుపోనాది' అన్నాడు. గొంతులో కోపం లేదు. దేవుడి ముందు తలవంచాలంటే మనిషి వేసిన ప్రతి నిందకీ తలూపాలని నేనెక్కడా చదవలేదు. దేవుడి ఆలోచన తనకి తెలియదని ఒప్పుకున్నవాడు బావ. తెలుసన్నది వచ్చినవాళ్ళు. అణకువ ఎవరిదో మీరే చెప్పండి.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం చదవండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన మొదటి ప్రశ్న, పాపం వీడిదా, వీడి అమ్మానాన్నలదా అని. ఇద్దరిదీ కాదన్నాడు యేసుప్రభువు. అని ఊరుకోలేదు. మన్ను తడిపి వాడి కళ్ళకి పూశాడు, చూపిచ్చాడు.

ఆ అధ్యాయాన్ని చేతుల్తో చేసి చూపించినవాళ్ళు మన పక్కనే ఉండేవారు. కెనడా బాప్తిస్టు మిషనువాళ్ళు 1870ల నుంచి ఈ ఉత్తరాంధ్రలో పనిచేశారు, టెక్కలి, సోంపేట కూడా వాళ్ళ కేంద్రాలే. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ అని ఉండేవారు, కళ్ళ డాక్టరు. శుక్లాలు ముదిరి చూపుపోయిన బీదవాళ్ళకి ఆపరేషన్లు చేసేవారు. ఆయన మాట విని కాల్గరీ ఊళ్ళో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి 1963లో ఒక సంస్థే పెట్టాడు, ఆపరేషన్ ఐసైట్ అని. అది తర్వాత చాలా దేశాలకి పాకింది. మొదలు మాత్రం మన సోంపేట. శుక్లం తీసే ముందు నువ్వేం పాపం చేశావని అడిగే డాక్టరు ఉంటాడా?

సరే, తిత్లీ. 2018 అక్టోబరు 11, గురువారం, ఇంకా తెల్లారలేదు. పలాస దగ్గరే తీరం దాటింది. గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు, ఒక్కో విసురు 165 దాకా. మా ఇంటి రేకులు లేచిపోతుంటే మంచాల కింద దూరాం. బావకి కదిలే ఓపిక లేదు, గోడకి ఆనించి కూచోబెట్టి చుట్టూ మేం కూచున్నాం. తెల్లారాక తోటలోకి వెళ్తే తోట లేదు. కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా ఒకే దిక్కుకి పడి ఉన్నాయి, జీడిమామిళ్ళు తిరగబడి ఉన్నాయి. కొబ్బరిమొక్క పాతితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. అప్పటికే వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్న మనిషి ఆ లెక్క వేసుకోడా?

ముందు అతన్ని ఆసుపత్రికి చేర్చాలి. దారి పొడుగునా చెట్లే, కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఊళ్ళో కుర్రాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని ముందు నడిచారు, నరుక్కుంటూ, లాక్కుంటూ. అందులో మన సంఘం పిల్లలు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్ళు అమ్మవారి గుడి వీధి పిల్లలు. మంచం భుజాన మోసింది వాళ్ళే.

ఆదివారం కూటం జరిగింది. మన ప్రార్థన గుడికి పైకప్పు లేదు, తడిసిన చాపలు ఎండలో వేసుకుని కూచున్నాం. సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా అంటే ఎవరూ లేవలేదు. అప్పుడు బావ కూచునే అన్నాడు, ఆ మాటలు నాకు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. 'యోబుగారితో దేవుడు సుడిగాల్లోంచి మాటాడినాడని సదివినారు. మనకీ గాలొచ్చినాది. నాకైతే ఏ మాటా వినపళ్ళేదు. ఐనా నానాయన్ని ఒదల్ను. ఆయన నన్నొదిలీసినాడని కూడా అనను.' అంతే, దాని మీద ఎవరూ ఏమీ అనలేకపోయారు.

యోబు గ్రంథం మీరు సగంలో ఆపేస్తారు, నాకు తెలుసు. మొదటి రెండధ్యాయాలు చదివి, చివరిది చూసి, మధ్యలో ముప్పై పైచిలుకు వదిలేస్తారు. యోబు పిల్లలు చచ్చిపోయింది కూడా గాలికే కదా, ఇంటి నాలుగు మూలలూ కొట్టి కూల్చిన గాలికి. స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద కూచున్నారు, నోరెత్తకుండా. వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక నీ పాపమే అన్నారు. యోబు మాత్రం అడిగాడు, వాదించాడు, పుట్టిన రోజుని తిట్టుకున్నాడు. చివరికి దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీద. ఏడవడం అవిశ్వాసం కాదర్రా. సిలువ మీద ప్రభువే అడిగాడు తండ్రిని, ఎందుకు విడిచావని.

ఆ తర్వాత మూడేళ్ళకి బావ వెళ్ళిపోయాడు. చివరి నెలల్లో రాత్రిళ్ళు పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పాడమనేవాడు. ఆయన మనకి పరాయివాడు కాదు, ఈ పర్లాకిమిడి సీమలో 1803లో పుట్టినవాడు. 1833లో బాప్తిస్మం తీసుకుని, 1890లో కన్నుమూసేదాకా తెలుగులో కీర్తనలు కట్టాడు. రాజుల దగ్గర నిలబడ్డట్టు కాకుండా, దిక్కులేనివాడు గుమ్మం దగ్గర కూచుని పిలిచినట్టుంటాయి ఆ పాటలు. బావకి అవే సరిపోయాయి. ప్రార్థనలో తన పేరు ఎత్తేవాడు కాదు. డయాలసిస్ దగ్గర పక్క మంచం మీదున్న మందస కుర్రాడి పేరు చెప్పేవాడు. ఆ సాయంత్రం టీ తాగి వెళ్ళిన పెద్దాయన పేరు కూడా చెప్పేవాడు. యోబు కూడా స్నేహితుల కోసం ప్రార్థించాడు, గుర్తుందా?

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. బావ చూడలేదు. అవి రావడం మంచిదే, ఇంకా ముందే రావాల్సింది.

ఇప్పుడు మీతో నా మాట. పండగ పాటలకి ఇల్లిల్లూ తిరుగుతున్నారు కదా, జబ్బుపడ్డ ఇంటికి వెళ్ళినప్పుడు బొండాలు పట్టుకెళ్ళకండి. డయాలసిస్ మనిషికి కొబ్బరినీళ్ళు పడవు, అందులో పొటాషియం ఎక్కువ. మా బావ జీవితమంతా కొబ్బరి పండించి, చివర్లో గుక్క తాగలేకపోయాడు. మంచినీళ్ళు కూడా కొలిచి ఇస్తారు, మీరు పోయకండి. ఎందుకొచ్చిందని అడక్కండి. మళ్ళీ ఆసుపత్రికి ఏ రోజు వెళ్ళాలో అడగండి. డయాలసిస్ మిషను దగ్గర నాలుగు గంటలు కూచోవాలి, ఇంట్లో ఆడవాళ్ళు జీడి పనికి వెళ్తే తోడెవరూ ఉండరు. మీలో బండి ఉన్నవాళ్ళు ఇక్కడే చెప్పండి, ఎవరు ఏ వారం వెళ్తారో రాసుకుంటాను.