సాంబ్రాణి: పొగ నుంచి సీసాలోకి

నిమ్మతొక్క గిల్లితే వచ్చే వాసన కాసేపటికే మాయమవుతుంది. సాంబ్రాణి వేసిన గదిలో మరునాటికి కూడా ఆ వాసన ఉంటుంది. ఈ తేడా మీరు గమనించే ఉంటారు. ఎగిరిపోయే వాసనను ఎలా నిలిపి ఉంచాలి? అత్తరు, సెంటు తయారుచేసేవారిని వేల ఏళ్లుగా వేధించిన ప్రశ్న ఇదే. దానికి మనిషి కనుగొన్న పాత జవాబుల్లో సాంబ్రాణి ఒకటి.

ముందుగా పేరు గురించి ఒక మాట. మన అంగళ్లలో సాంబ్రాణి పేరుతో దొరికేది తరచుగా ఆగ్నేయాసియాలోని స్టైరాక్స్ చెట్ల బంక. మనం ఇక్కడ చెప్పుకునేది బాస్వెల్లియా జాతుల బంక గురించి. దీన్ని పరంగి సాంబ్రాణి అంటారు. సంస్కృతంలో కుందురు, అరబ్బీలో లుబాన్, పరిమళ వ్యాపారంలో ఒలిబానమ్. ఒమన్, యెమెన్, సోమాలియా, ఇథియోపియా దీనికి పుట్టిళ్లు. మన పొడి అడవుల్లో పెరిగే అందుగు చెట్టు కూడా ఈ కుటుంబంలోదే.

ప్లినీ గమనించిన సంగతి

చెట్టు బెరడుపై గాటు పెడితే పాలలాంటి ద్రవం ఊరి, గాలికి గట్టిపడి బిందువులుగా మారుతుంది. ఈ బిందువులు ఒంటెలపై ఎడారి దాటి గాజా రేవుకు చేరేవి. క్రీ.శ. 1వ శతాబ్దపు 'పెరిప్లస్' గ్రంథం ప్రకారం, సాంబ్రాణిని సేకరించే కానే రేవుకు మన బరిగాజాతో, అంటే నేటి భరూచ్‌తో, వర్తకం ఉండేది.

అందులో ఎక్కువ భాగం దేవాలయాల్లో పొగ అయ్యేది. 'పర్‌ఫ్యూమ్' అన్న మాటలో దాగి ఉన్నది కూడా పొగను సూచించే లాటిన్ పదమే. కానీ ఒంటికి పొగ పూసుకోలేం కదా! అందుకే పూలనూ సుగంధ ద్రవ్యాలనూ నూనెలో నానబెట్టి లేపనాలు చేసేవారు. రోమన్ రచయిత ప్లినీ 1వ శతాబ్దంలోనే ఒక కీలకమైన సంగతి రాశాడు. లేపనంలో వాసన నిలవాలంటే రెసిన్ గానీ బంక గానీ కలపాలి, లేకపోతే అది త్వరగా ఎగిరిపోతుందన్నాడు. అణువుల గురించి ఏమీ తెలియని కాలంలో, కేవలం అనుభవంతో చెప్పిన మాట ఇది.

ఒకే బంక, రెండు స్వభావాలు

ఇందులోని రహస్యమేమిటి? సాంబ్రాణి బిందువులో సుమారు 5 నుంచి 9 శాతం సుగంధ తైలం ఉంటుంది. అధిక భాగం ఆల్కహాలులో కరిగే రెసిన్, మిగిలింది నీటిలో కరిగే జిగురు. జాతిని బట్టి ఈ పాళ్లు మారతాయి.

బంకను నీటి ఆవిరితో బట్టీ పడితే తైలం వస్తుంది. చాలా రకాల్లో అందులో ప్రధానమైనవి ఆల్ఫా పైనీన్ వంటి తేలికపాటి అణువులు. టర్పెంటైన్‌లో ఉండేదీ ఈ పైనీనే. దాని అణుభారం 136. అందుకే తైలం వాసన మొదట గుప్పుమని, తొందరగా తగ్గిపోతుంది.

బంకను ఆల్కహాలులో కరిగించి, వడగట్టి, ఆల్కహాలును తొలగిస్తే మాత్రం చిక్కని జిగట ముద్ద మిగులుతుంది. దీన్నే రెసినాయిడ్ అంటారు. ఇందులోని బాస్వెల్లిక్ ఆమ్లాల అణుభారం 456. వాటికి తమదంటూ వాసన దాదాపు లేదు. కానీ తేలిక అణువులు తమ మధ్య నుంచి తప్పించుకుపోకుండా అవి నెమ్మదింపజేస్తాయి. ప్లినీ చూసిన ఫలితానికి కారణం ఇదే.

బ్రిటన్‌కు చెందిన విలియం పౌచర్ 1955లో మూడు వందలకు పైగా పరిమళ పదార్థాలను, అవి నిలిచే కాలాన్ని బట్టి, 1 నుంచి 100 వరకు అంకెలిచ్చి వర్గీకరించాడు. 14 వరకు పై పరిమళాలు, 60 వరకు నడిమి పరిమళాలు, ఆపైన అడుగు పరిమళాలు. ఈ అడుగు పరిమళాన్నే బేస్ నోట్ అంటారు. సాంబ్రాణి రెసినాయిడ్ పని అక్కడే.

మరి సాంబ్రాణికే ప్రత్యేకమైన ఆ 'గుడి వాసన' దేనిది? 2016లో ఫ్రాన్స్‌లోని నీస్ శాస్త్రజ్ఞులు దానికి మూలమైన రెండు ఆమ్లాలను గుర్తించి, ఒలిబానిక్ ఆమ్లాలని పేరు పెట్టారు. బంకలో అవి ఉండేది లేశమాత్రమే.

చెట్టు మాటేమిటి?

ఎరిత్రియాలో జరిపి 2006లో ప్రచురించిన ఒక పరిశీలనలో, గాట్లు పెట్టని చెట్ల గింజలు 80 శాతానికి పైగా మొలకెత్తాయి. విపరీతంగా గాట్లు పడిన చెట్ల గింజలు 16 శాతమైనా మొలకెత్తలేదు. బంక కోసం చెట్టు తన శక్తిని ఖర్చు చేస్తే, గింజకు మిగిలేది తక్కువ. దీనికి తోడు అడవి మంటలు, పశువుల మేత. ఇథియోపియా ప్రాంతపు బాస్వెల్లియా పాపిరిఫెరా అడవుల్లో దశాబ్దాలుగా కొత్త చెట్లు ఎదగడం లేదనీ, ఇరవై ఏళ్లలో దిగుబడి సగానికి పడిపోవచ్చనీ 2019లో శాస్త్రజ్ఞులు హెచ్చరించారు.

ఒలిబానిక్ ఆమ్లాలను ప్రయోగశాలలో తయారుచేయవచ్చు. కానీ అవి వాసననే ఇస్తాయి. వందల అణువులు కలిసిన రెసిన్ మొత్తాన్ని ఇవ్వవు. సాంబ్రాణిని కాపాడుకోవాలంటే గాట్ల సంఖ్య తగ్గించాలి, చెట్టుకు కొన్నేళ్లు విశ్రాంతినివ్వాలి, లేత మొక్కలకు కంచె వేయాలి. సీసాలో వాసనను పట్టి ఉంచే విద్య మనిషికి ఏనాడో పట్టుబడింది. ఆ వాసన పుట్టే చెట్టును నిలబెట్టే విద్య ఇంకా నేర్వవలసి ఉంది.